నూనెకీ నీటికీ నడుమ కాటుక

మార్చి 3

పొడి దొంగిలించింది మా బావ. అక్క మొగుడైనంత మాత్రాన ఆ మాట రాయడానికి వెనకాడను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు కనుక నీళ్లు నమలడం అనవసరం. దొంగ మా బావే.

ఇవాళ షెడ్డు ముందు అందర్నీ నిలబెట్టి మేనేజరు చెప్పాడు. బ్యాచ్ బ్యాచ్‌కీ కాటుక తగ్గిపోతోందట. బంగారం కన్నా ఖరీదైన లోహం పూసిన నల్లటి పొడి అది, మేమంతా కాటుక అంటాం. కింద వాల్వు దగ్గర చెయ్యి పెట్టేది ఒక్కడే మనిషి. "ఇంతకన్నా నేను విడమరచి చెప్పక్కర్లేదు" అని ఆగాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. నేనే ముందుకొచ్చాను.

ఏం మాట్లాడానో గుర్తున్నంత వరకు రాసిపెట్టుకుంటాను, బాగానే వచ్చింది. "ఏడాది కిందట ఈ షెడ్డులో డ్రమ్ముల కొద్దీ ద్రావకం వాడేవాళ్లం. మూత తీస్తే కళ్లు మండేవి. ప్యాకింగ్ బల్ల మీద మా అక్క స్పృహ తప్పి పడింది ఆ వాసనకే. ఇవాళ ఆ డ్రమ్ములు లేవు. ల్యాబ్ మేడమ్ తెచ్చిన పద్ధతిలో ఉన్నవి నూనె, నీళ్లు, గాలి, చిటికెడు కాటుక. వెంట్రుకని వెయ్యి పాయలుగా చీలిస్తే ఒక్క పాయంత ఉంటుందా రేణువు! అది నూనెలో మునగదు, నీళ్లలో కరగదు. రెండింటికీ నడుమ కూర్చుంటుంది. కలిపితే నూనె చుక్క చుక్కకీ చొక్కాలా తొడుక్కుంటుంది. పనంతా ఆ చొక్కా మీదే జరుగుతుంది. కలపడం ఆపితే పైన సరుకు, కింద నీళ్లు, మధ్యలో నల్ల మీగడ. ఆ మీగడే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. ఆ మీగడలో చెయ్యి పెట్టినవాడు కంపెనీని కాదు, మన ఊపిరితిత్తుల్ని దోచుకున్నాడు. న్యాయం ముందు బావా లేడు, బావమరిదీ లేడు!"

చప్పట్లు పడ్డాయి. మేనేజరు కూడా కొట్టాడు.

బావ వెనక వరసలో మూలన నిలబడి విన్నాడు. వెళ్లేటప్పుడు నా పక్కన ఆగాడు. "బాగా మాట్లాడావురా. చివర్లో గొంతు కాస్త తగ్గించాల్సింది. దొంగ వెనక వరసలోనే ఉన్నాడు కదా, వినపడుతుంది" అన్నాడు.

అతన్ని పనిలోంచి ఆపారు. విచారణ అయ్యేదాకా గేటు లోపలికి రాకూడదు.

మార్చి 4

అక్క మాట్లాడలేదు. నాకు ఎవరి మీదా కోపం లేదు.

మార్చి 5

అక్క మాట్లాడలేదు. కంచం పెట్టింది, నీళ్లు పెట్టలేదు. నేనే లేచి తెచ్చుకున్నాను. కోపం లేదు.

మార్చి 6

వాళ్లింట్లో ఉంటూ ఆ ఇంటి యజమానినే దొంగ అనడం ఏం న్యాయమని ఎవరైనా అడుగుతారేమో. నేను జవాబు తయారుగా ఉంచుకున్నాను. ఎవరూ అడగలేదు.

బావ పొద్దున్నుంచీ వాకిట్లో పాత కుర్చీకి మేకులు కొడుతున్నాడు. నేను డ్యూటీకి బయల్దేరితే సుత్తి ఆపాడు.

"నాయకుడుగారూ, చిన్న అనుమానం. దొంగిలించిన కాటుక నేనెక్కడ దాచానంటారు?"

"నీకే తెలియాలి."

"మీ అక్క కళ్లకి పెట్టానేమో చూసుకో, పోనీ."

లోపల్నుంచి అక్క అంది: "ఈ వారం నా కళ్లకి కాటుక నిలవదులే."

బావ నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి మళ్లీ మేకు కొట్టుకున్నాడు. అక్క గుమ్మంలోకి వచ్చి నన్ను చూసింది. మూడు రోజుల్లో మొదటిసారి. "చిన్నప్పట్నుంచీ ఇంతేరా నువ్వు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగోది ఎదురుగా నడుస్తున్నా నీకు కనపడదు."

కరపత్రాల్లో ఉంది ఇదంతా. రక్తబంధం మనిషి కళ్లకి కట్టే గంత అని స్పష్టంగా ఉంది. ఎవరు రాశారో గుర్తు లేదు గానీ ఉంది.

మార్చి 7

వాల్వు దగ్గర బావ స్థానంలో నన్ను పెట్టారు. "నమ్మకస్తుడివి" అన్నాడు మేనేజరు. మనిషిని లొంగదీసే మాట అది, నాకు తెలుసు. అయినా పని ముఖ్యం.

పని సులువే. రియాక్టర్‌లో కలపడం ఆగాక తేరుకోనివ్వాలి. కింది గొట్టానికున్న గాజు కిటికీలోంచి నీళ్లు దిగడం కనిపిస్తుంది. నలుపు కనిపించగానే వాల్వు కట్టేయాలి. ఆ నీళ్లు పారబొయ్యం. వెనక తొట్టిలోకి వెళ్లి మళ్లీ తరవాతి బ్యాచ్‌కి వస్తాయి. "ఒక్క చుక్క బయటికి పోదు" అని గేటు మీద బోర్డు ఉందే, ఆ మాట నాదే. మొన్న శీతాకాలంలో నేను పట్టుబట్టి సాధించిన రెండు కోరికల్లో అదొకటి. రెండోది సబ్బు. అంతకుముందు చేతుల జిడ్డు పోవడానికి అందరం ద్రావకంలో ముంచిన గుడ్డతోనే తుడుచుకునేవాళ్లం. అక్క అరచేతులు పగిలిపోయేవి. ఇప్పుడు చేతులు కడిగే తొట్టి దగ్గర డబ్బాలతో సబ్బు నీళ్లు. ఎంతైనా వాడుకోవచ్చు. అందరి చేతులూ మెత్తబడ్డాయి. అది నేను తెచ్చింది. ఈ మాట ఎవరూ అనరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

నేను వాల్వు దగ్గర ఉండగా గోరంత కాటుక కూడా పోదు.

మార్చి 9

మీగడ తగ్గింది.

నేనే ఉన్నాను. కళ్లు ఆర్పకుండా చూశాను. వాల్వు తిప్పింది నేనే, కట్టింది నేనే. అయినా మీగడ తగ్గింది.

లోపల బావ మనిషి ఇంకొకడు ఉన్నాడు. ఖాయం.

మార్చి 10

బావ మనిషి ఎవడూ లేడు. గేటు దగ్గర కాపలావాడు అనుకున్నాను, కానీ అతను షెడ్డు గడప తొక్కడు. నూనె వాసన పడదు. ప్యాకింగ్‌వాళ్లు ఈ వైపు రారు. ఇంక మిగిలింది నేను. నన్ను నేను అనుమానించడం కూడా అయిపోయింది.

ఇవాళ కిటికీ గాజుకి ముఖం ఆనించి చూశాను. నీళ్లు తేటగా దిగడం లేదు. బూడిద రంగు. అలుకు నీళ్లలా. నలుపు ఎక్కడ మొదలయ్యిందో, నీళ్లు ఎక్కడ అయిపోయాయో తెలియడం లేదు. కట్టేయడానికి హద్దే లేదు.

ఒక సీసాలో పట్టి ల్యాబ్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ సీసా చూడలేదు, ముందు తలుపు చూసింది.

"తలుపు వెయ్యండి."

వేశాను.

"ఇది ఇంకెవరికైనా చూపించారా?"

"లేదు మేడమ్. కాటుక నీళ్లలో కలిసి పోతోందా?"

"పోతోంది. ఎందుకో నాకు తెలీదు. గాజు పాత్రలో ఏడాది చేశాను, ఒక్కసారి కూడా ఇలా కాలేదు." కళ్లజోడు తీసి తుడుచుకుంది, ఎంతసేపు తుడిచిందో. "పొడి నిలవట్లేదని ఒక్క మాట పైకి వెళ్లిందా, పాత డ్రమ్ములు తెప్పిస్తారు. షెడ్డు వెనక ఖాళీ డ్రమ్ములు పేర్చే ఉన్నాయి, చూడలేదా? దొంగతనం అయితే మనిషి మారతాడు. పద్ధతి బతుకుతుంది."

"అంటే మా బావ దొంగ కాడని మీకు..."

"నేను ఎవర్నీ దొంగ అనలేదు. ఎవరో అంటే ఊరుకున్నాను. అన్నది మీరు."

చదువుకున్నవాళ్లు ఇంతే. తమ పని నిలబడడానికి ఒక మనిషిని బలిచ్చి కళ్లజోడు తుడుచుకుంటారు. నేను ఆవిడలా కాదు. నాకు నిజంగానే అనుమానం వచ్చింది. నేను ఆవిడలా కాదు.

మార్చి 11

రాయకుండా వదిలేసిన మాట ఒకటుంది.

మొన్న షెడ్డు ముందు నిలబెట్టిన రోజు పొద్దున్నే, సైకిళ్లు పెట్టే చోట బావ నన్ను ఆపాడు. "ఒరేయ్, నీళ్లు మారాయిరా. బూడిదలా దిగుతున్నాయి. మీగడ కట్టడం లేదు. ఎవరికి చెప్పాలంటావ్?" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాను. "ఈ పద్ధతి కోసం నేను ఎంత అరిచానో తెలుసా? పాత డ్రమ్ములు రావాలని కాచుకు కూర్చున్నవాళ్లు ఉన్నారు. నువ్వు నోరు మూసుకో" అన్నాను.

నోరు మూసుకున్నాడు. అందరి ముందూ నేను దొంగ అన్నప్పుడు కూడా.

కాటుక నీళ్లలో పోతోందంటే నా మాటలన్నీ నీళ్లలో పోయినట్టే. దొంగ ఎత్తుకుపోయాడంటే నా మాటలు భద్రం. మేనేజరు "ఒక్కడే మనిషి" అనగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంక రాయలేను.

మార్చి 12

మేడమ్ పిలిచింది. తనే. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

రెండు సీసాలు తీసింది. ఒకదాంట్లో కొళాయి నీళ్లు, రెండోదాంట్లో వెనక తొట్టి నీళ్లు. రెండింటిలో అంతే నూనె, అంతే కాటుక. "ఊపండి" అంది. ఊపాను. బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చున్నాం. మొదటిది తేరుకుంది. నూనెకీ నీటికీ నడుమ నల్లగా వలయం కట్టింది, గాజుకి గీత గీసినట్టు. రెండోది తేరుకోలేదు. మొత్తం బూడిద. పైన మాత్రం తెల్లగా ఏదో.

"నురుగు" అంది మేడమ్.

ఇద్దరం ఒకేసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం అంటే అబద్ధం. ఆవిడ నా ముఖం చూసింది. నేను నా చేతులు చూసుకున్నాను. లోపలికి వచ్చే ముందే కడుక్కున్నాను. వాసన ఇంకా ఉంది.

"సబ్బు కూడా నూనెకీ నీటికీ మధ్యనే కూర్చుంటుంది" అని చెప్పింది మేడమ్. "అది ముందే వచ్చి సీట్లన్నీ పట్టేసుకుంటే, మన పొడికి నిలబడ్డానికి కూడా చోటుండదు. నీళ్లలోకి దిగిపోతుంది. కానీ రియాక్టర్‌లోకి సబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

బయటికి వెళ్లి గొట్టం వెంబడి నడిచాను. చేతులు కడిగే తొట్టి. దాని కింద గొట్టం. గోడ పక్కనుంచి, పాత పూల కుండీ వెనకనుంచి, ఒక గుంటలోకి. గుంటలోంచి చిన్న పంపు. పంపులోంచి కొత్త నీలం గొట్టం. ఆ నీలం గొట్టం నేరుగా వెనక తొట్టిలోకి.

బోర్డు పెట్టిన వారమే అతికించిన గొట్టం అది. ఒక్క చుక్క బయటికి పోకూడదని నేనే కదా అరిచాను. సబ్బు కావాలని నేనే కదా అరిచాను. నా కోరికలు రెండింటినీ మేనేజరు ఒకే గొట్టంతో తీర్చేశాడు, చవగ్గా. మేడమ్‌ని ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు. గెలిచాను కదా, ఎలా గెలిచానో ఎందుకు చూస్తాను.

అక్కడే గుంట గట్టు మీద కూర్చుండిపోయాను. గుంటకి పక్కన చిన్న గండి ఉంది. వెనక తొట్టి నిండితే పొర్లిన నీళ్లు ఈ గుంటలోకే దిగి, అటునుంచి కాలవలోకి పోతాయి. గండి అంచంతా బూడిద రంగు పట్టు కట్టి ఉంది.

మార్చి 13

మేనేజరు గదిలోకి మేడమ్ కూడా వస్తానంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఏదో అనుకుని లోపలికి వచ్చింది. అది ఆవిడ లెక్కలో రాయాలి.

మేనేజరు అంతా విన్నాడు. నవ్వాడు కూడా. నిజమైన నవ్వే, ఊపిరి పీల్చుకున్న నవ్వు.

"అయితే పద్ధతిలో లోపం లేదన్నమాట! మంచి మాట చెప్పారు. రేపే సబ్బు తీయించేద్దాం."

"సబ్బు కాదు సార్, గొట్టం తీయించాలి" అన్నాను.

"గొట్టం తీస్తే ఆ నీళ్లకి వేరే గుంట తవ్వాలి, వేరే తొట్టి కట్టాలి. ఎక్కడయ్యా చోటు? కాలవలోకి వదిలితే నీ బోర్డేం కావాలి? వచ్చే నెల పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. చేతులే కదా, గుడ్డతో తుడుచుకుంటారు. ఇదివరకు తుడుచుకోలేదా?"

"ఇదివరకు ద్రావకంలో ముంచి తుడుచుకున్నాం."

"ద్రావకం ఒక చిన్న డబ్బా ఉంచుదాం, దానికేముంది."

ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టేవాళ్లని విన్నాను. ఎలకల్ని సముదాయించి ఇంటివాళ్లని బయటికి గెంటేవాణ్ణి ఇప్పుడే చూశాను.

"మరి మా బావ?"

మేనేజరు కుర్చీలో ముందుకి వంగాడు. గొంతు తగ్గించాడు, నా మేలు కోరేవాడిలా. "చూడు, ఆయన దొంగ కాదని చెబితే పొడి ఎటు పోయిందని అడుగుతారు. కాలవలోకి అని చెప్పాలి. అప్పుడు పద్ధతికి దెబ్బ, మేడమ్‌కి దెబ్బ, నీకు దెబ్బ. ఆయన విచారణ ఎటూ అయిపోయినట్టే, ఇంకో చోట పని చూసుకుంటాడు. నీకు వాల్వు దగ్గర పని పర్మనెంటు చేయిస్తాను. తెలివైనవాడివి, ఆవేశం తగ్గించుకుంటే పైకొస్తావు. ఎల్లుండిలోగా చెప్పు."

నేను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. అరవకపోవడానికి కారణం ఏమిటంటే, ఒక్క క్షణం ఆలోచించాను. ఒక్క క్షణమే. కానీ ఆలోచించాను.

బయటికి వచ్చాక మేడమ్ అంది: "నేను ఆ రెండు సీసాలూ దాచి ఉంచాను. ఎవరి ముందు చూపించమన్నా చూపిస్తాను." తరవాత, "ఉద్యోగం పోతే పోతుంది" అంది. గొంతు మాత్రం ఉద్యోగం పోతే పోతుందన్నట్టు లేదు.

మార్చి 14

సాయంత్రం ఇంట్లో చెప్పేశాను. బావ కుర్చీలో కూర్చున్నాడు, ఆ మేకులు కొట్టిన కుర్చీలో. అక్క బట్టలు మడత పెడుతోంది. సబ్బు, గొట్టం, గుంట, కాలవ, అన్నీ వరసగా చెప్పాను. ఉపన్యాసంలాగే వచ్చింది, ఛీ.

బావ ఆఖరిదాకా విన్నాడు.

"ఆ రోజు పొద్దున సైకిళ్ల దగ్గర నీకు చెప్పాను కదరా."

"చెప్పావు."

"విన్నావా?"

"విన్నాను."

జోకు వేస్తాడనుకున్నాను. ఏదో ఒక జోకు వెయ్యకుండా ఉండడు కదా. లేచి బయటికి వెళ్లిపోయాడు. మెట్ల మీద కూర్చున్నాడు, వీపు మాత్రం కనిపిస్తోంది.

అక్క చేతిలో చొక్కా అలాగే ఉంది. "ఆయన దొంగ కాదని నాకు మొదటి రోజే తెలుసు. నీకు తెలీదనుకున్నాను. మూర్ఖుడు, వినపడదు వీడికి అనుకుని సర్దుకున్నాను. విన్నావా? వినే అన్నావా?"

జేబులో కాగితం తడుముకున్నాను.

"అందరూ నన్ను చూసి గుసగుసలాడుతుంటే నా పక్క బల్ల దగ్గరే నువ్వు టీ తాగుతున్నావురా."

చొక్కా మడత పెట్టింది. నాదే ఆ చొక్కా. మిగతా వాటి మీద పెట్టింది.

చాలాసేపటికి బావ లోపలికి వచ్చాడు. నా వైపు చూడకుండా చెయ్యి చాపాడు.

"కరపత్రం రాసే ఉంటావు. ఇలా తే."

రాశాను మరి. అప్పటికి మూడు చించాను, నాలుగోది జేబులో ఉంది. ఇచ్చాను. దీపం కిందికి పెట్టి చదివాడు, పెదాలు కదుపుతూ.

"'ధిక్కరిద్దాం' నాలుగు చోట్ల ఉంది. 'కుట్ర' అయిదు చోట్ల. 'నేను' ఒక్క చోట కూడా లేదేంట్రా?"

"ఇది నా ఒక్కడి సంగతి కాదు బావా, వ్యవస్థ..."

"వ్యవస్థ నన్ను దొంగ అనలేదు. నువ్వన్నావు." కాగితం తిరిగి ఇచ్చాడు. "క్షమించేశానని మురిసిపోకు. చదివేవాడికి అర్థం కావాలి కదా అని చెబుతున్నా."

"ఎల్లుండి గేటు దగ్గరికి వస్తావా?"

"నన్ను లోపలికి రానివ్వరు."

"బయటే పెడదాం."

బావ అక్కని నీళ్లు అడిగాడు. అక్క రెండు గ్లాసులు తెచ్చింది. రెండోది బల్ల మీద పెట్టింది, ఎవరికో చెప్పకుండా. దాహంతో నోరెండిపోతున్నా చాలాసేపు దాని వైపు చెయ్యి చాపలేకపోయాను.

మార్చి 15

మేనేజరుకి జవాబు చెప్పేశాను. వద్దన్నాను. ఒక్క మాటలోనే అన్నాను.

భయంగా ఉంది. దొంగ అన్న రోజు చప్పట్లు కొట్టినవాళ్లే వస్తారు. సబ్బు వల్లే అని చెబితే, సబ్బు తెచ్చింది నేనే కదా అంటారు. అనాలి. మేనేజరు "చూశారా, మీ నాయకుడే ఒప్పుకున్నాడు" అని సబ్బు డబ్బా ఎత్తుకుపోతే? చేతులు మళ్లీ పగిలితే? మేడమ్ రాకపోతే? బావ రాకపోతే? ఏ కరపత్రంలోనూ దీనికి జవాబు లేదు. వెతికాను.

అయిదోసారి రాసింది ఇది. పొద్దున్నే గేటు దగ్గర పంచిపెట్టాలి. అక్క చదివి ఒక్క మాట కొట్టేసింది, ఏ మాటో రాయను.

"మీ అందరి ముందూ మా బావని దొంగ అన్నాను. కాటుక నీళ్లలో పోతోందని ఆయన ఆ పొద్దున్నే నాతో చెప్పాడు. విని కూడా అన్నాను. చేతులు కడిగిన సబ్బు నీళ్లు రియాక్టర్‌లోకి వెళ్లేలా గొట్టం కలిపింది మేనేజరు. ఎలా కలిపారో చూడకుండా బోర్డు చూసి మురిసింది నేను. ఆ పొడి ఇప్పుడు కాలవలో ఉంది. సబ్బు వదులుకోనక్కర్లేదు, డ్రమ్ములు తెచ్చుకోనక్కర్లేదు. గొట్టం విడదీసి వేరే గుంట తవ్వితే చాలు. నమ్మనక్కర్లేదు, రెండు సీసాలు తెస్తాం, మీ చేత్తోనే ఊపి చూడండి. తరవాత నన్నేమన్నా అనండి.

ఇవాళ సాయంత్రం సరిగ్గా అయిదింటికి, షిఫ్టు మారే వేళ, అందరూ రండి. గేటు లోపల కాదు, బయట రోడ్డు మీద. లోపలికి రానివ్వని మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ముందు చెప్పాల్సిన మాట ఇది."